నిలబెట్టిన సైకిలు

నిరుడు పాస్కా పండుగ వెళ్ళిన వారం. ఉదయపు పూజ ముగించి వరండాలో కూర్చున్నాను. పాత ఇనుము కొనే ట్రాలీ ఆటో ఒకటి మైకులో కేకలు వేసుకుంటూ వచ్చి గుడి గేటు ముందు ఆగింది. నడిపే కుర్రవాడు మంచినీళ్ళు అడిగాడు. కలిదిండిలో మంచినీళ్ళు అడిగినవాడికి లేదనకూడదు. చుట్టూ నీళ్ళే ఉన్నా తాగే నీటికి కటకటలాడే ఊరు మాది. చెంబు అందించి ఆటోలోకి తొంగి చూశాను. రొయ్యల చెరువుల్లో తిప్పే ఏరేటర్ల విరిగిన రెక్కలు, తుప్పు రేకులు, వాటి మీద చక్రాలు పైకి పెట్టి వెల్లకిలా పడి ఉన్న ఒక సైకిలు.

మామూలు సైకిలు కాదది. సన్నని పెద్ద చక్రాలు, తిన్నని హ్యాండిలు, వెనక ఏడు పళ్ళ చక్రాలు, ముందు మూడు. దుకాణాల్లో హైబ్రిడ్ సైకిలు అంటారు. మన రైతులకు హైబ్రిడ్ అనగానే విత్తనం గుర్తుకొస్తుంది. ఇదీ అటువంటిదే. పందెపు సైకిలు చక్రాలను, కొండదారుల సైకిలు హ్యాండిలును కలిపి పుట్టించిన సంకరజాతి. ఎవరో చెరువుల ఆసామి పదో తరగతి ప్యాసైన కొడుక్కి ముచ్చటపడి కొని ఉంటాడు. కొడుక్కి మోటారు సైకిలు వచ్చాక ఇది గట్టు మీద మేత కొట్టులో చేరి, ఏళ్ళ తరబడి ఉప్పుగాలికి నాని, చివరికి తూకానికి వచ్చి ఉంటుంది.

"పధ్నాలుగు కిలోలు తూగింది ఫాదరుగారూ. కిలో పాతిక లెక్కన మూడు వందల యాభై ఇప్పించండి" అన్నాడు కుర్రవాడు. ఇచ్చాను. ఆటో వెళ్ళిపోయాక మా ఉపదేశిగారు "ఇదెందుకండీ మనకి?" అని అడిగారు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు ఇక్కడ చెబుతాను.

మా నాన్నగారు కూడా ఉపదేశే. మూడు ఊళ్ళ పిల్లలకు జపాలు నేర్పడానికి, రోగుల మంచాల దగ్గర జపమాల చెప్పడానికి ఆయనకున్న వాహనం ఒక నల్లని సైకిలు. ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి వేసి నన్ను కూర్చోబెట్టేవారు. చీకటి పడితే డైనమో టైరుకు ఒరుసుకుంటూ గుయ్యిమనేది. తొక్కినంతసేపే వెలుగు. 1992లో నేను గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదువుతుండగా ఆయన ప్రభువులో నిద్రించారు. తరువాతి సెలవులకు ఇంటికి వెళితే సైకిలు లేదు. పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే బండికి వేసేశామని ఇంట్లో చెప్పారు. నేనూ ఏమీ అనలేదు. వస్తువు అంటే ఏమిటి, దాని సారం ఏమిటి అని అప్పుడు లావుపాటి పుస్తకాలు చదువుతున్నాను. ఆ మధ్యాహ్నం కూరలో ఆ ఉల్లిపాయలే తిన్నాను.

ఇదీ నేను మూడు వందల యాభై ఇవ్వడానికి కారణం. అయితే ప్రియ పాఠకులారా, నేను చెప్పదలచుకున్నది నాన్నగారి సైకిలు గురించి కాదు. ఈ రెండో సైకిలు నన్ను ఒక చిక్కులో పెట్టింది. ఒక వస్తువును బాగుచేసినవాడు దానికి ఏమవుతాడు? యజమాని అవుతాడా, కాపలాదారు అవుతాడా?

నూనె, ఓపిక

మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా సైకిలు షాపు నడుపుతున్న పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు గంటల లెక్కన అద్దె సైకిళ్ళు ఇచ్చేవారు. ఇప్పుడు ఎక్కువగా మోటారు సైకిళ్ళకు పంక్చర్లు వేస్తారు. నా సైకిలును చూసి నవ్వారు. "దీనికి పెట్టే డబ్బుతో మామూలు సైకిలు, సెకండ్ హ్యాండుది, మంచిది వస్తుంది ఫాదరుగారూ." "తెలుసు బాబాయ్, పని నేర్చుకుందామని" అన్నాను. "అయితే బలం తేకండి. నూనె, ఓపిక తెచ్చుకోండి" అన్నారు.

మొదటి పాఠం సీటు గొట్టం దగ్గర. గొట్టం అల్యూమినియం, ఫ్రేము ఇనుము. రెండు వేరు వేరు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీలాగా పనిచేస్తుంది. తెల్లని పొడి పుట్టి రెండింటినీ అతుకు వేసినట్టు పట్టేస్తుంది. సుత్తితో బాదితే ఫ్రేము చెడుతుంది. రోజూ సాయంత్రం జపమాల అయ్యాక నాలుగు చుక్కల నూనె పోసి, కొద్దిగా అటూ ఇటూ కదిపి వదిలేసేవాణ్ణి. తొమ్మిదో రోజున కిర్రుమంది. పదకొండో రోజున ఊడి వచ్చింది.

రెండో పాఠం పెడలు దగ్గర. ఎడమ పెడలు ఊడదీయడానికి ఒక గంటసేపు చెమటలు కారేలా పానా తిప్పాను. పెద్దాయన వచ్చి చూసి "గంట నుంచీ బిగిస్తున్నారు" అన్నారు. ఎడమ పెడలుకు ఎదురు మర ఉంటుంది. తొక్కేటప్పుడు తనంత తాను వదులైపోకుండా అలా చేస్తారు. నా ఉద్దేశం మంచిదే, బలమూ తక్కువ కాదు, దిక్కు మాత్రం తప్పు. కొన్ని కుటుంబాల్లో రాజీ చేయబోయి నేను చేసింది కూడా ఇదేనేమో అనిపించింది.

టైర్ల సంగతి ఇంకా విచిత్రం. మన మామూలు ఇరవై ఎనిమిది అంగుళాల సైకిలు టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. దీనిది 622. తేడా పదమూడు మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. కానీ ఆ టైరు దీనికి పట్టదు. కైకలూరులో దొరక్క విజయవాడ నుంచి తెప్పించాను. చైను కొలిచి చూశాను. ఒక్కో లింకు అర అంగుళం కాబట్టి ఇరవై నాలుగు లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చిందంటే చైను మార్చాల్సిందే. చైను సాగిందంటాం గాని ఇనుము సాగదు. లోపలి పిన్నులు అరిగిపోయి ఆ మేరకు పొడవు పెరుగుతుంది. వెనక ఇరుసు విప్పితే ఒక్కో పక్క తొమ్మిది గోళీలు ఉండాలి. డీజిలులో కడిగి లెక్కపెడితే ఒక పక్క ఎనిమిదే వచ్చాయి. తొమ్మిదో దాని కోసం వరండా అంతా ఊడ్చాను. సువార్తలో నాణెం పోగొట్టుకున్న ఇల్లాలు ఇల్లంతా ఎందుకు ఊడ్చిందో ఆ రోజు బోధపడింది.

మే నెలాఖరుకు సైకిలు నిలబడింది. రిమ్ముల బెండు తీయించాను, ఫ్రేముకు ముదురు ఆకుపచ్చ రంగు వేయించాను. మూడు వేల రెండు వందల చిల్లర ఖర్చయింది. సాయంత్రం చల్లబడ్డాక కోరుకొల్లు రోడ్డు మీద రెండు మైళ్ళు తొక్కి వచ్చాను. గేర్లు గడియారంలాగా టిక్కు టిక్కుమని పడుతున్నాయి. చిన్నపిల్లవాడిలాగా పొంగిపోయాను. దాచడమెందుకు?

అదే సైకిలా?

చైను, ఫ్రీవీలు, టైర్లు, ట్యూబులు, తీగలు, బ్రేకు రబ్బర్లు, పెడళ్ళు, సీటు మార్చాను. మార్చినవన్నీ ఒక బకెట్టులో పడేశాను. ఒక రోజు ఆ బకెట్టు వైపు, సైకిలు వైపు చూస్తుంటే గురువిద్యాలయం రోజులు గుర్తుకొచ్చాయి.

తత్త్వశాస్త్రం చదివిన ప్రతివాడికీ థీసియస్ ఓడ తెలుసు. ఆ వీరుడి ఓడను ఏథెన్సు ప్రజలు భద్రపరిచి, పుచ్చిన చెక్క తీసి కొత్త చెక్క వేస్తూ వచ్చారు. చెక్కలన్నీ మారాక అది అదే ఓడా, వేరే ఓడా అని తత్త్వవేత్తలు వాదించుకునేవారని ప్లూటార్కు రాశాడు. 1655లో థామస్ హాబ్స్ అనే ఆంగ్ల తత్త్వవేత్త దీనికి మరో ముడి వేశాడు. తీసేసిన పాత చెక్కలను ఎవరో పోగుచేసి అదే వరుసలో మళ్ళీ కట్టారనుకోండి, అప్పుడు రెంటిలో అసలు ఓడ ఏది? నా వరకు అయితే, అసలు సైకిలు గోడకు ఆనించి ఉన్నదా, బకెట్టులో ఉన్నదా?

ఇది పడమటివారి ప్రశ్న మాత్రమే కాదు. మన ఏలూరు జిల్లాలోనే గుంటుపల్లి కొండ గుహల్లో ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు నివసించారు. వారి సంప్రదాయంలో మిళింద రాజుకు, నాగసేన భిక్షువుకు జరిగిన సంవాదం పేరెన్నిక గన్నది. రాజా, మీరు వచ్చిన రథం ఏది? చక్రమా, ఇరుసా, నొగా? ఏ ఒక్కటీ కాదు. అన్నీ ఒక తీరున కూడినప్పుడు రథమనే పేరు పెట్టుకుంటాం, అంతే అని నాగసేనుడి భావం. అరిస్టాటిలు, ఆయన వెంట నడిచిన పునీత తోమాస్ అక్వినాసు ఇంకొక మాట అడుగుతారు. ఈ వస్తువు దేనికోసం? కత్తి కోయడానికి, దీపం వెలగడానికి. పనిముట్టు గుట్టు అది చేసే పనిలో ఉంది.

ముప్పై ఏళ్ళ తరువాత ఆ ఓడ కథను మళ్ళీ చదివితే, తరగతిలో మేము పట్టించుకోని సంగతి ఒకటి కనబడింది. ఏథెన్సువారు ఆ ఓడను ఊరికే రేవులో కట్టి చూసుకోలేదు. ఏటా ఒక మొక్కు తీర్చడానికి యాత్రికులను ఎక్కించి డేలోసు ద్వీపానికి పంపేవారు. అది వెళ్ళి తిరిగి వచ్చేదాకా నగరంలో ఎవరికీ మరణశిక్ష అమలు చేయకూడదు. క్రీస్తుపూర్వం 399లో సోక్రటీసుకు మరణశిక్ష పడ్డాక చెరసాలలో శిష్యులతో మాట్లాడుకోవడానికి వ్యవధి దొరికింది ఆ ఓడ పుణ్యమానే. ప్లేటో ఈ సంగతి వివరంగా రాశాడు. చెక్కలు ఎన్ని మారినా జనం అది థీసియస్ ఓడే అన్నారు. అది ఆయన వెళ్ళిన దారిన ఇంకా వెళుతూనే ఉంది గదా! చెక్కలను లెక్కపెట్టింది తత్త్వవేత్తలు. జనం ప్రయాణాన్ని చూశారు.

ఈ ఆలోచన నాకు భలే నచ్చింది. నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని, సైకిలును శుభ్రంగా తుడిచి, దుప్పటి కప్పి, గదిలో పెట్టి తాళం వేశాను. ఆ రెంటికీ పొత్తు కుదరదని అప్పుడు తట్టలేదు.

ఎవరిది?

జూన్‌లో కాలేజీలు తెరిచారు. ఒక ఆదివారం పూజ అయ్యాక ఒక తల్లి వచ్చింది. రొయ్యల షెడ్డులో కూలికి వెళుతుంది. కూతురు ఇంటరు రెండో సంవత్సరం. బస్సు వేళకు రాదు, ఆటోకు రోజూ పెట్టలేరు. "ఫాదరుగారూ, ఆ పచ్చ సైకిలు ఖాళీగానే ఉంటుంది గదండీ... పిల్ల కాలేజీకి..." అని ఆగిపోయింది.

"చూద్దామమ్మా" అన్నాను.

విచారణ గురువుల నోట 'చూద్దాం' అంటే ఏమిటో మన కుటుంబాలకు బాగా తెలుసు. కాదనే ధైర్యం, సరేననే మనసు రెండూ లేనప్పుడు వచ్చే మాట అది. ఆ మాట అయిదు వారాలు నడిచింది. ఆ అయిదు వారాలూ నేను నాతో వాదించుకున్నాను. ఆ వాదం ఇక్కడ పెడతాను. మీ ఇళ్ళలోనూ ఇటువంటిది జరిగే ఉంటుంది.

నా మొదటి వాదం: నేను కష్టపడ్డాను, కాబట్టి ఇది నాది. ఇది బలహీనమైన వాదమేమీ కాదు. 1689 చివర వెలువడిన గ్రంథంలో జాన్ లాకు ఆస్తి హక్కును దీని మీదే నిలబెట్టాడు. ఎవరిదీ కాని దానికి తన చెమట కలిపినవాడికి దాని మీద హక్కు పుడుతుంది అన్నాడు. పారేసిన ఇనుముకు నేను చెమట కలిపాను. నూనె నాది, పదకొండు సాయంత్రాలు నావి. అయితే అదే లాకు ఒక హద్దు కూడా గీశాడు. తన దగ్గర పాడైపోయేంతగా ఎవడూ పోగుచేసుకోరాదు, వాడుకోగలిగినంతే వాడి వంతు అన్నాడు.

అదీగాక కష్టమంతా నాదేనా? స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో సైకిళ్ళు చేయడం ఒక పెద్ద పరిశ్రమ అయింది. 1949లో మద్రాసులో టీఐ, 1951లో సోనీపట్‌లో అట్లాసు, 1956లో లుధియానాలో హీరో పుట్టాయి. చువ్వలు అమర్చి, ఫ్రేములు అతికి ఎన్ని వేల కుటుంబాలు బతికాయో! అట్లాసు సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. అది ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినం కావడం విధి విచిత్రం. ఇక ఆ గాలి టైరు బెల్ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండి కోసం కల్పించినది. నా సైకిలులో నా చెమట ఉన్నమాట నిజమే. కానీ అంతకు ముందే అందులో ఎందరో పేరు తెలియని వారి చెమట ఉంది. న్యాయమనేది మనిషికీ మనిషికీ మధ్య ఉంటుందని పునీత తోమాసు బోధ. ఇనుముకు మనం బాకీ లేము. ఇనుములో పనిచేసిన చేతులకు ఉన్నాం. దాని అవసరం ఉన్న చేతులకు ఉన్నాం.

నా రెండో వాదం: గురువుకు మాత్రం చిన్న సరదా ఉండకూడదా? దీన్ని నేను ఇప్పటికీ తోసిపుచ్చను. చేతులతో పని చేయడంలో ఒక శుద్ధి ఉంది. రోజంతా మాటలతో బతికేవాడికి, మాటకు లొంగని సీటు గొట్టం మంచి గురువు. కుట్టుపని, పూలమొక్కలు, పాత రేడియోలు, ఏదైనా సరే, ఇంట్లో ఒకరు సరదాగా చేసే పనిని 'దండగ' అని తీసిపారేయకండి. 2015లో ఫ్రాన్సిసు పోపుగారు తమ విశ్వలేఖలో, వస్తువును వెంటనే పారేయకుండా మళ్ళీ వాడుకోవడం కూడా ప్రేమకార్యం కాగలదన్నారు. అయితే సరైన ఉద్దేశంతో చేసినప్పుడు అని షరతు పెట్టారు. నా ఉద్దేశం ఏమిటి? పని చేసినప్పటి ఆనందం నాకు అప్పటికే ముట్టింది. ఎవరూ తిరిగి లాక్కోలేని కూలి అది. సైకిలును కూడా ఉంచుకుంటాననడం ఒకే పనికి రెండు కూలీలు అడగడం.

నా మూడో వాదం అన్నిటికన్నా తెలివైనది, అందుకే అన్నిటికన్నా ప్రమాదకరమైనది: ఆ పిల్ల దీన్ని పాడుచేస్తుంది. గేర్లు వాడడం తెలియదు, వానలో వదిలేస్తుంది. బాగా చూసుకోగలవాడి దగ్గర ఉండడమే వస్తువుకు మేలు గదా? ఆలోచించండి. భూములు, చదువులు, గుడి తాళంచెవులు, పెద్దరికాలు, ఎవరి చేతిలో ఉన్నా విడువకుండా ఉండడానికి చెప్పే మాట ఇదే. 'వాళ్ళకు చేతకాదు.'

నాలుగో శతాబ్దంలో కైసరయ పీఠాధిపతి పునీత బసీలు ధనికులకు చేసిన ప్రసంగం ఒకటుంది. నీ పెట్టెలో ఊరికే పడి ఉన్న పైబట్ట బట్ట లేనివాడిది, నీ ఇంట మురుగుతున్న చెప్పులు చెప్పులు లేనివాడివి అన్నది అందులోని సారాంశం. దానమివ్వమని బతిమాలడం లేదాయన, ఎవరి సొత్తు వారికి తిరిగి ఇవ్వమంటున్నాడు. పునీత తోమాసు దీన్నే శాస్త్రీయంగా విడదీశాడు. వస్తువును సంపాదించి, చక్కబెట్టుకునే హక్కు మనిషికి ఉంది. వాడకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది అందరిదీ అన్నట్టు, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి. అంటే బాగుచేసే హక్కు నాదే. నిలబెట్టి ఉంచే హక్కు నాది కాదు.

ఇంత తెలిసీ నేను ఇవ్వలేదు. నన్ను కదిలించింది బసీలుగారు కూడా కాదు. జూలైలో ఒక రోజు గాలి కొట్టించడానికి సైకిలును షాపుకు నడిపించుకు వెళ్ళాను. పెద్దాయన టైరు పక్కను బొటనవేలితో నొక్కి చూసి అన్నారు: "తొక్కడం లేదేంటి ఫాదరుగారూ? గాలి తగ్గిన టైరు మీద బండి ఒకే చోట నిలబడితే పక్కలు పగులుతాయి. తొక్కితే అరుగుతుంది, నిజమే. నిలబెడితే చస్తుంది. తొక్కనన్నా తొక్కండి, ఎవరికన్నా ఇచ్చెయ్యనన్నా ఇచ్చెయ్యండి."

మేత కొట్టులో ఆ ఆసామి చేసిందీ, నా గదిలో నేను చేస్తున్నదీ ఒకటే అని అప్పుడు అర్థమైంది. ఆయన అక్కరలేక నిలబెట్టాడు, నేను ప్రేమతో నిలబెట్టాను. టైరుకు ఆ తేడా తెలియదు.

ఆకుపచ్చ సైకిలు ఇప్పుడు

ఆ ఆదివారమే ఇచ్చేశాను. పూజలో అందరి ముందు కాదు, గుడి వెనక వేపచెట్టు కింద. ఆ అమ్మాయి మొదట నమ్మలేదు. తరువాత సీటు తన ఎత్తుకు దించమంది. పదకొండు రోజులు నూనె పోసిన ఆ గొట్టం చేతితో తిప్పితే వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. ఆ నిమిషానికి సరిపడా గర్వం మాత్రం నేను ఉంచుకున్నాను.

నెల తరువాత దారిలో కనబడింది. సైకిలును చూసి నా గుండె గుభేలుమంది. వెనక బరువైన క్యారేజీ, ముందు తీగల బుట్ట. నల్లని పెద్ద మడ్‌గార్డులు. తుప్పు పట్టకుండా ఫ్రేముకు పసుపుపచ్చ టేపు చుట్టారు. అన్నిటికన్నా ఘోరం, గేర్ల తీగలు తీసేసి చైనును ఒకే పళ్ళ చక్రం మీద నిలిపేశారు. ఇరవై ఒక్క గేర్లు పోయి ఒక్కటి మిగిలింది. నా ఇన్నాళ్ళ పని! "ఎవరు చేశారమ్మా ఇది?" అన్నాను. గొంతులో కోపం దాగలేదు. "షాపు తాతగారండీ. చైను మాటిమాటికీ జారిపోతోందని నేనే అడిగానండి. ఇప్పుడు బాగుందండి, అమ్మను కూడా షెడ్డు దగ్గర దింపుతున్నాను" అంది.

ఇంటికి వచ్చి కూర్చున్నాక నవ్వొచ్చింది. మా కొల్లేటి దిగువ నేల అరచేయిలాగా చదునుగా ఉంటుంది. ఎక్కడానికి ఇక్కడ ఎత్తున్నది వంతెనలు, చెరువు గట్లే. ఇరవై ఒక్క గేర్లు నా ముచ్చట, క్యారేజీ ఆమె అవసరం. నేను చైను, టైర్లు మార్చినప్పుడు అది అదే సైకిలు అని వాదించాను. ఆమె గేర్లు తీసేస్తే మాత్రం పాడైపోయిందన్నాను. ఇచ్చాననుకున్నాను గాని, ఒక చెయ్యి ఇంకా హ్యాండిలు మీదే ఉంచాను. ఇవ్వడం రెండుసార్లు జరగాలి కాబోలు. మొదటిసారి వస్తువును ఇస్తాం. రెండోసారి అది ఎలా ఉండాలో నిర్ణయించే హక్కును ఇస్తాం. రెండోదే కష్టం. పెళ్ళి చేసి పంపిన కూతురి విషయంలో, ఇల్లు అప్పగించిన కొడుకు విషయంలో తల్లిదండ్రులకు ఇది తెలుసు. బదిలీ అయి వెళ్ళిపోయిన విచారణకు మళ్ళీ వచ్చి, తాము కట్టించిన అరుగు పడగొట్టారేమని కొత్త గురువును అడిగే మాబోటి వాళ్ళకు ఇంకా తెలియాలి.

సైకిలు ఆడపిల్ల చేతికి వస్తే ఏమవుతుందో మనకు పొరుగు రాష్ట్రం చూపించింది. 1991 తరువాత తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది పేద స్త్రీలు సైకిలు తొక్కడం నేర్చుకున్నారు. బిందెలు, పిల్లలు, అంగడి సరుకులు సైకిళ్ళ మీదికి ఎక్కాయి. వేళకు రాని బస్సు కోసమో, తీరిక లేని మగవాడి కోసమో ఎదురుచూసే గంటలు వారి చేతికి తిరిగి వచ్చాయి. ఆ సైకిళ్ళ అందం గురించి ఎవరూ వ్యాసాలు రాసి ఉండరు.

ప్రియ కుటుంబీకులారా, మీ ఇంట్లో మెట్ల కింద, అటక మీద, పశువుల పాకలో ఏదో ఒకటి నిలబడి ఉండే ఉంటుంది. కుట్టుమిషను, చేతి పంపు, పిల్లవాడి చదువుల బల్ల, పెద్దావిడ వాడిన చక్రాల కుర్చీ. రెండు తప్పులు చేయకండి. మొదటిది, దాన్ని అలాగే పెట్టి తాళం వేయడం. రెండోది, విరిగినదాన్ని విరిగినట్టే తీసుకెళ్ళి పేదవాడి గుమ్మంలో పడేసి దానమని పేరు పెట్టడం. అది చెత్తను చోటు మార్చడమే. ముందు నూనె పోయండి. పదకొండు రోజులు పడితే పట్టనివ్వండి. పని చేసే స్థితికి తెచ్చి, అడిగినవారి ఎత్తుకు సీటు దించి ఇవ్వండి. ఆ తరువాత వారు బుట్ట కట్టుకున్నా, టేపు చుట్టుకున్నా నోరు మెదపకండి.

బకెట్టులోని పాత సామాను ఇంకా వరండాలోనే ఉంది. ఆ ట్రాలీ ఆటో మళ్ళీ వచ్చినప్పుడు వేసేద్దామనుకుంటున్నాను. ఈ మధ్య చలికాలపు మాపటివేళ గుడి గంట కొట్టించి వస్తుంటే ఆ అమ్మాయి, వెనక క్యారేజీ మీద తల్లి, షెడ్డు నుంచి వస్తూ నన్ను దాటి వెళ్ళారు. దీపం లేదు. "లైటు పెట్టించుకోండమ్మా" అని కేకవేశాను. "చూద్దామండీ ఫాదరుగారూ" అంది తల్లి నవ్వుతూ.

మరునాడు షాపుకు వెళ్ళి పెద్దాయనను అడిగాను, పాత డైనమో ఒకటి ఎక్కడైనా దొరుకుతుందా అని.